అడవి ఆలివ్ నాటే ముందు: ఏ పనికి ఏ చెట్టు ఎంచుకోవాలి

"వైల్డ్ ఆలివ్ మొక్క కావాలి" అని అడిగితే ఒక్కో దేశంలో ఒక్కో చెట్టు చేతికొస్తుంది. దక్షిణాఫ్రికా నర్సరీలో ఆకు వెనక ఇత్తడి రంగు మెరిసే మొక్క ఇస్తారు. స్పెయిన్‌లో ముళ్ల కొమ్మలతో గుబురుగా పెరిగే పొద చూపిస్తారు. టెక్సాస్‌లోనైతే తెల్లటి గరాటు పూలు పూసే కార్డియా బోయిసేరి ఇస్తారు. అది విరిగి చెట్టుకు దాయాది, ఆలివ్‌కు ఏమీ కాదు. విత్తనాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఈ తికమక ఇంకా ఎక్కువ. నాటింది ఏ చెట్టో చాలామందికి అది కాపుకొస్తే గానీ తేలదు, అంటే చాలా ఏళ్లు గడిచాక.

అందుకే ఎంపికను పేరు దగ్గర మొదలుపెట్టకండి. ఆ చెట్టుతో మీకు పనేమిటో ముందు తేల్చుకోండి. నూనె కావాలా, గట్టి కలప కావాలా, గాలిని ఆపే చెట్ల వరుస కావాలా, మంచి రకం అంటు కట్టడానికి వేరు మొక్క కావాలా, తొట్టెలో బోన్సాయ్ పెంచుకుంటారా? ఆ తర్వాత అంతే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: మీ చుట్టుపక్కల అడవిలో ఈ చెట్టు సహజంగా ఉందా, లేదా? ఈ రెండింటికీ జవాబు దొరికితే సగం పని అయినట్టే.

అసలైన అడవి ఆలివ్‌లు

ఆలివ్ శాస్త్రీయ నామం ఓలియా యూరోపియా. మల్లె, పారిజాతం ఉన్న ఓలియేసీ కుటుంబానిదే ఇది. ఈ ఒక్క జాతిలో ఆరు ఉపజాతులున్నాయి. వాటిలో నాలుగు మనం నాటుకునే సందర్భమే రాదు. ఒకటి సహారా నడిబొడ్డు కొండల్లో, ఒకటి మొరాకోలో, ఒకటి మదీరాలో, ఒకటి కానరీ దీవుల్లో ఉంటాయి. వాటిని ఉన్నచోట కాపాడుకోవడమే సరైన పని.

పోల్చి చూడాల్సినవి మిగిలిన రెండు. మొదటిది యూరోపియా ఉపజాతి; దాని అడవి రూపమే మధ్యధరా తీరపు అడవి ఆలివ్, అంటే సిల్వెస్ట్రిస్. తోటల్లో పెంచే ఆలివ్‌కు పూర్వీకురాలు ఇదే. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట మధ్యధరా తూర్పు తీరాన మనిషి దీన్ని మచ్చిక చేసుకోవడం మొదలుపెట్టాడు. ప్రాచీన ఒలింపిక్ విజేతల తలపై పెట్టిన కోటినోస్ కిరీటం ఈ అడవి ఆలివ్ కొమ్మతో అల్లిందే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పతక విజేతలకు మళ్లీ ఆలివ్ కిరీటాలు పెట్టారు.

రెండోది కస్పిడేటా. పాత పుస్తకాల్లో ఓలియా ఆఫ్రికానా అనీ, ఓలియా ఫెర్రుజీనియా అనీ కనిపించేది ఇదే. దీని విస్తృతి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దక్షిణాఫ్రికాలో మొదలై తూర్పు ఆఫ్రికా, ఇథియోపియా, యెమెన్, ఇరాన్, పాకిస్తాన్, వాయవ్య హిమాలయం, నేపాల్ మీదుగా చైనాలోని యునాన్ దాకా ఉంది. హిమాలయ ప్రాంతంలో దీన్ని కాహు అంటారు, ఇథియోపియాలో వెయిరా, దక్షిణాఫ్రికాలో ఒలీన్‌హౌట్.

రెండింటినీ, తోట ఆలివ్‌నూ వేరు చేసేది ఆకు. తోట ఆలివ్ ఆకు తిప్పి చూస్తే వెండి తెలుపు. కస్పిడేటా ఆకు పైన ముదురు పచ్చగా నిగనిగలాడుతూ, వెనక పసుపు నుంచి తుప్పు రంగు దాకా ఉంటుంది; కొన మొనదేలి ఉంటుంది. సిల్వెస్ట్రిస్ ఆకులు చిన్నవి, లేత మొక్కకూ పశువులు మేసిన కొమ్మకూ ముళ్లలాంటి కొనలొస్తాయి. కాయలు రెండింటివీ చిన్నవే. టెంక పెద్దది, గుజ్జు పలచన. మధ్యధరా ప్రాంతంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. తోట ఆలివ్ టెంకలు పిట్టలు తిని విసర్జించగా మొలిచిన మొక్కలు కూడా అచ్చం అడవి ఆలివ్‌లాగే ఉంటాయి. జన్యు పరీక్ష చేయకుండా ఈ రెంటినీ కచ్చితంగా విడదీయలేరు. అడవి జన్యువుల కోసమే మొక్క కావాలనుకునేవాళ్లు ఇది మరవకూడదు.

నూనె కోసమైతే

సూటిగా చెప్తాను: నూనె కోసం కస్పిడేటా నాటకండి. దాని కాయ సెంటీమీటరు కూడా ఉండదు, అందులో టెంకే ఎక్కువ. కోత ఖర్చుకు సరిపడా నూనె రాదు. సిల్వెస్ట్రిస్ నుంచి స్పెయిన్‌లో కొద్దిగా నూనె తీసి ప్రత్యేకంగా అమ్ముతారు. దాని ఘాటు, చేదు ఇష్టపడేవాళ్లున్నారు. కానీ అది కొండల్లో అప్పటికే ఉన్న చెట్ల నుంచి ఏరుకున్న పంట. కొత్తగా తోట వేసి ఆ దిగుబడితో బతకడం కష్టం.

నూనె కావాలంటే తోట రకమే వేయాలి, లేదా అడవి చెట్టు మీద తోట రకం అంటు కట్టాలి. రెండో దారిలో అడవి ఆలివ్‌కు నిజమైన విలువ ఉంది. పాకిస్తాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా, బలూచిస్తాన్ కొండల్లో సహజంగా పెరిగిన కాహు చెట్లకు తల నరికి, ఆ మొద్దు మీద యూరప్ రకాల కొమ్మలు అంటు కడుతున్నారు. వేరు అప్పటికే రాతి నేలలో లోతుకు దిగి ఉంటుంది కాబట్టి కొత్తగా నాటిన మొక్కకంటే త్వరగా కాపుకొస్తుంది, నీళ్ల అవసరమూ తక్కువ. మీ పొలం గట్టు మీద నాలుగైదు కాహు చెట్లుంటే ఈ పద్ధతి చూడదగ్గదే.

అడవిలోని చెట్లన్నిటికీ ఇదే చేయాలనడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. తల నరికిన ప్రతి కాహూతో ఒక అడవి జన్యు వారసత్వం కాయకుండా ఆగిపోతుంది. ఇటలీలోని అపూలియాలో 2013లో బయటపడిన జైలెల్లా బాక్టీరియా లక్షల ఆలివ్ చెట్లను ఎండబెట్టింది. తోట రకాల్లో లెచ్చీనో, ఎఫ్‌ఎస్-17 వంటి కొన్నే దాన్ని తట్టుకున్నాయి. తట్టుకునే లక్షణాల కోసం శాస్త్రవేత్తలు వెతుకుతున్న చోట్లలో అడవి ఆలివ్‌లు ముఖ్యమైనవి. రేపటి తెగులుకు మందు ఆ చెట్ల జన్యువుల్లోనే ఉండవచ్చు. సొంత పొలంలో చెట్లకు అంటు కట్టండి, ఊరుమ్మడి అడవిలోని ముసలి చెట్లను వదిలేయండి.

నూనె గురించి ఇంకొక మాట, ఇది చాలామంది ఆశను నీరుగార్చేది. ఆలివ్ పూత పట్టాలంటే చలికాలంలో చలి తగలాలి. రాత్రులు పది డిగ్రీల కిందికి దిగే వారాలు కొన్నయినా ఉండాలి, పగలు మరీ వేడెక్కకూడదు. ఏడాది పొడుగునా వేడిగా ఉండే మైదానంలో ఆలివ్ మొక్క ఆకులు తొడిగి, ఏపుగా పెరిగి, అందంగా నిలబడుతుంది. కాయదు. అర్బెక్వినా, కొరోనేకి లాంటి తోట రకాలు తక్కువ చలితో సరిపెట్టుకుంటాయి గానీ అసలు చలే లేని చోట అవీ చేయగలిగింది లేదు. ఇంకో వైపు, సున్నాకు కింద 7 నుంచి 10 డిగ్రీలకు పడిపోతే తోట ఆలివ్ కొమ్మలు మాడిపోతాయి.

కలపకు, నీడకు, గాలిని ఆపే వరుసకు

ఇక్కడ కస్పిడేటాకు సాటి లేదని నా అభిప్రాయం. దాని చేవ ముదురు గోధుమ రంగులో నల్లటి చారలతో ఉంటుంది. బరువు, గట్టిదనం రెండూ ఎక్కువ, చెదలు అంత తేలిగ్గా పట్టవు. గొడ్డలి పిడులు, చేతికర్రలు, కంచె గుంజలు, జపమాల పూసలు, లేత్ మీద చెక్కిన గిన్నెలు దీనితో చేస్తారు. లేత కొమ్మలు పళ్లు తోముకోవడానికి పుల్లలుగా పనికొస్తాయి. ఎండాకాలంలో గడ్డి దొరకని కొండ ఊళ్లలో మేకలకు, పశువులకు ఈ చెట్టు ఆకే మేత.

ఇథియోపియాలో పాలు పోసే కుండలను వెయిరా కట్టె పొగతో పొగబెడతారు. కెన్యాలో మాసాయి వాళ్లు పాల సొరకాయ బుర్రలను దీని నిప్పు కొరివితో శుభ్రం చేస్తారు. పాలకు ఆ పొగ వాసన పడుతుంది, త్వరగా విరగవు. పొగలోని పదార్థాలు సూక్ష్మజీవులను అణచడమే దీనికి కారణం. ఒక చెట్టు ఇంత లోతుగా వంటింట్లోకి రావడం చాలా అరుదు.

ఈ మంచి గుణాలే దాని ప్రాణం మీదికి తెచ్చాయి. బాగా మండే కట్టె, ఎక్కువసేపు నిలిచే బొగ్గు కాబట్టి తూర్పు ఆఫ్రికా అడవుల్లో దీన్ని విపరీతంగా నరికారు. పెరుగుదల చాలా నిదానం. నరికినంత వేగంగా కొత్త చెట్టు రాదు. వంటచెరకే మీ అవసరమైతే త్వరగా పెరిగే వేరే చెట్టు చూసుకోండి. కస్పిడేటాను మీ పిల్లల కాలానికి కలపగా, మీ కాలానికి నీడగా నాటండి.

దీనికి పోటీగా కొందరు ఓలియా కపెన్సిస్ పేరు చెప్తారు. దక్షిణాఫ్రికా ఐరన్‌వుడ్ అదే. దాని కలప నీళ్లలో మునిగిపోతుంది. గిన్నిస్ రికార్డుల్లో అత్యంత బరువైన కలపగా నమోదైంది. కానీ అది తేమ ఉన్న దట్టమైన అడవి చెట్టు. ఎండకు, రాతినేలకు, కరువుకు ఓర్చుకోవడంలో కస్పిడేటాకు సరిరాదు. పొడి నేల ఉన్నవాళ్లకు కపెన్సిస్ సరిపోదు.

గాలి తట్టుకునే వరుసకు, దట్టమైన ఎత్తు కంచెకు కూడా కస్పిడేటా బాగుంటుంది. ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది, కత్తిరింపుకు ఓర్చుకుంటుంది. బోన్సాయ్‌కైతే దక్షిణాఫ్రికా పెంపకందార్లకు ఇది అభిమాన వృక్షం. కత్తిరించేకొద్దీ ఆకు చిన్నదవుతుంది, పాత మొద్దు నుంచి కూడా చిగురిస్తుంది, కాండం మెలికలు తిరిగి వయసు చూపిస్తుంది. బోన్సాయ్‌కు కాయలతో పనిలేదు కనుక చలి లేని ప్రాంతంవాళ్లు కూడా ధైర్యంగా పెంచుకోవచ్చు.

ఆకు కషాయం గురించి రెండు మాటలు. ఆఫ్రికాలో అడవి ఆలివ్ ఆకుల కషాయాన్ని రక్తపోటుకు వాడే అలవాటు ఉంది. ఆలివ్ ఆకులో ఒలియూరోపిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, దాని మీద పరిశోధనలూ జరుగుతున్నాయి. అంతమాత్రాన వైద్యుడు రాసిన మాత్ర మానేయకండి. మాత్రతో పాటు కషాయం తాగాలన్నా ముందు వైద్యుణ్ని అడగండి, రక్తపోటు మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

ఎక్కడ నాటకూడదు

ఎంపిక సలహాల్లో ఈ భాగాన్ని చాలామంది ఒక వాక్యంతో దాటేస్తారు. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం.

కస్పిడేటాను 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియాకు తీసుకెళ్లారు, కంచెల కోసం, తోట ఆలివ్‌కు వేరు మొక్కగా. సిడ్నీ పడమటి వైపు కంబర్లాండ్ మైదానపు అడవుల్లోకి అది పాకింది. కాయలు తిన్న పిట్టలు టెంకలను ఎక్కడెక్కడో వేస్తాయి. మొక్కలు నీడలోనే నిదానంగా లేచి పైన దట్టమైన గొడుగు పడతాయి. ఆ గొడుగు కింద స్థానిక గడ్డి, పొదలు, పూల మొక్కలు వెలుతురు లేక చచ్చిపోతాయి. నరికితే మొద్దు మళ్లీ చిగురిస్తుంది. నార్ఫోక్ దీవిలో, హవాయిలో కూడా ఇదే సమస్య. దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ చుట్టుపక్కల కొండల్లో తోట ఆలివ్ కూడా ఇలాగే తప్పించుకుని కలుపు చెట్టైంది.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి. కస్పిడేటా సహజంగా పెరిగే ప్రాంతంలో మీరుంటే, అక్కడి చెట్ల విత్తనంతోనే మొక్కలు పెంచి నాటండి. అది పుట్టుకతో లేని ప్రాంతమై, వాతావరణం మాత్రం దానికి సరిపోయేదైతే, నేలలో నాటకండి. ముఖ్యంగా వానలు చలికాలానికీ వేసవికీ పంచుకుని పడే సమశీతోష్ణ తీర ప్రాంతాల్లో, అడవి అంచున అసలే వద్దు. తొట్టెలో పెంచి కాయలు రాలకముందే కోసేస్తే చాలు. ఇప్పటికే పాకిపోయిన చోట ఒక ఊరట ఉంది: దీని విత్తనం నేలలో దీర్ఘకాలం బతకదు. పెద్ద చెట్లను తీసేసి, కొన్నేళ్లపాటు మొలకలను పీకుతూ పోతే నేల మళ్లీ స్థానిక మొక్కల చేతికొస్తుంది.

ఆలివ్ తోటల పక్కన ఉండేవాళ్లకు మరో ఆలోచన అవసరం. ఆలివ్ కాయ ఈగ, అంటే బ్యాక్ట్రోసెరా ఒలియే, అడవి ఆలివ్ కాయల్లో కూడా గుడ్లు పెడుతుంది. పట్టించుకోని అడవి చెట్టు ఆ ఈగకు సత్రం. అయితే ఈ ఈగకు సహజ శత్రువులు దొరికింది కూడా ఆఫ్రికా అడవి ఆలివ్ మీదే. 1998లో కాలిఫోర్నియాలో ఈగ కనబడ్డాక, దాని పురుగుల్లో గుడ్లు పెట్టే సిటాలియా లౌన్స్‌బరీ అనే చిన్న కందిరీగను ఆఫ్రికా నుంచి తెచ్చి వదిలారు.

ఆలివ్ పుప్పొడి గాలికి ఎగురుతుంది, మధ్యధరా దేశాల్లో తుమ్ములకు, ఉబ్బసానికి పెద్ద కారణం. ఇంట్లో ఆ బాధ ఉన్నవాళ్లుంటే కిటికీకి దూరంగా నాటండి.

పేరుకే ఆలివ్‌లు, కానీ కొన్ని చోట్ల అవే సరైనవి

మీది చలి దేశమైతే, సున్నాకు కింద 40 డిగ్రీల దాకా తట్టుకునే రష్యన్ ఆలివ్ కనబడుతుంది. దాని పేరు ఎలియాగ్నస్ అంగుస్టిఫోలియా, ఆలివ్ కుటుంబం కాదు. వెండి ఆకులు, తియ్యటి పిండిలాంటి కాయలు. ఇరాన్‌లో కొత్త సంవత్సరం పండుగ నౌరోజ్‌కు బల్ల మీద పెట్టే సెంజెద్ ఇదే. వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది, ఉప్పు నేలలోనూ బతుకుతుంది. మధ్య ఆసియాలో అది మేలైన చెట్టు. పడమటి అమెరికాలో మాత్రం నదుల ఒడ్డులను ఆక్రమించింది, అక్కడ నాటవద్దు.

వేడి, తేమ రెండూ ఉన్న ఉష్ణ ప్రాంతంలో ఉండి, ఊరగాయ పెట్టుకునే పుల్లని కాయ కావాలంటే సిలోన్ ఆలివ్ మేలు. ఇది ఎలియోకార్పస్ సెరాటస్, రుద్రాక్షకు దగ్గరి బంధువు. శ్రీలంకలో వెరళు, కేరళలో కారక్క. కాయ చూడ్డానికి పచ్చి ఆలివ్‌లాగే ఉంటుంది, రుచి పూర్తిగా వేరు, నూనె రాదు. అసలైన ఆలివ్ కాపు పట్టని వేడి మైదానంలో ఇది కాస్తుంది, అందుకే అక్కడివాళ్లకు నా మొదటి సలహా ఇదే.

పడమటి కనుమల వంటి వానలెక్కువ కొండల్లో నేల ఉన్నవాళ్లు ఓలియా డయోయికా గురించి ఆలోచించండి. మహాబలేశ్వర్ దగ్గర పార్జాంబ్ అంటారు. ఇటీవలి వర్గీకరణలో దీన్ని టెట్రాపిలస్ అనే ప్రజాతిలోకి మార్చారు. మనిషి తినే పంట కాదు. పిట్టలకు మంచి ఆహారం. అడవి తిరిగి పెంచే పనిలో స్థానిక చెట్టుగా దీన్ని నాటడం ఎంతో విలువైన పని.

పెంచే తీరు

కస్పిడేటాను ఎంచుకున్నవాళ్లకు అసలు పరీక్ష విత్తనం దగ్గరే. బాగా పండి నల్లబడిన కాయలు కోసి, అదే రోజు గుజ్జు కడిగేయండి. టెంక చాలా గట్టిది, అలాగే నాటితే నెలల తరబడి మొలవదు, మొలిచినా ఒక్కొక్కటిగా లేస్తుంది. మొన లేని మొద్దు కొనను కటింగ్ ప్లేయర్‌తో కొద్దిగా చిట్లించి, లోపలి పప్పుకు దెబ్బ తగలకుండా చూసుకుని, రెండు రోజులు మామూలు నీళ్లలో నానబెట్టి నాటండి. చిట్లించిన విత్తనం ముందే లేస్తుంది. విత్తిన మట్టి తడిగా ఉండాలి, చిత్తడిగా ఉండకూడదు.

తోట ఆలివ్‌కు కొమ్మ ముక్కలతో మొక్కలు పెంచడం సులువు. సగం ముదిరిన కొమ్మ ముక్క తీసి, వేరు పుట్టించే ఐబీఏ హార్మోను 3000 నుంచి 4000 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులు) ద్రావణంలో ముంచి, పొగమంచులా నీళ్లు చిమ్మే నీడలో పెడతారు. అడవి ఆలివ్ కొమ్మలు ఇలా వేరు పట్టడానికి చాలా మొండికేస్తాయి. అందుకే దానికి విత్తనమే దారి. అంటు కట్టే ఆలోచన ఉంటే విత్తన మొక్క కాండం పెన్సిల్ మందం అయ్యాక కట్టండి.

నేల విషయంలో ఒకే ఒక పట్టుదల: నీరు నిలవకూడదు. రాళ్లున్నా సున్నపు నేలైనా పరవాలేదు, బరువైన నల్లరేగడిలో మట్టికట్ట ఎత్తు చేసి దానిపై నాటండి. మొదటి రెండు మూడు వేసవుల్లో వారానికోసారి లోతుగా తడి ఇస్తే వేరు కిందికి దిగుతుంది, ఆ తర్వాత చెట్టే తన నీళ్లు వెతుక్కుంటుంది. రోజూ కొద్దికొద్దిగా పోస్తే వేరు పైపైనే ఉండిపోయి మొదటి కరువుకే చెట్టు వాడుతుంది. గాలిని ఆపే వరుసకు మొక్కకూ మొక్కకూ రెండు మీటర్లు, నీడ చెట్టుకు ఏడెనిమిది మీటర్ల ఎడం ఉంచండి. లేత మొక్క చుట్టూ గట్టి కంచె వేయకపోతే మేకలు మిగల్చవు.

అంటు కట్టిన చెట్టులో అంటు కింది నుంచి లేచే పిలకలను చూడగానే తుంచేయాలి. వదిలేస్తే వేరు మొక్క పైచేయి సాధిస్తుంది, కొన్నేళ్లకు కొమ్మల నిండా చిన్న అడవి కాయలే మిగులుతాయి.

కొనేటప్పుడు అడగాల్సినవి: శాస్త్రీయ నామం పూర్తిగా, ఉపజాతితో సహా, విత్తనం ఏ ప్రాంతపు చెట్టుది, అంటు కట్టిందైతే పైన ఏ రకం, కింద ఏ వేరు. జవాబు చెప్పలేని చోట ఆకు తిప్పి చూడండి. వెనక తుప్పు రంగు ఉంటే కస్పిడేటా. వెండి తెలుపుండి ఆకులు ఒకదానికెదురుగా ఒకటి జతగా వస్తే తోట ఆలివో, సిల్వెస్ట్రిసో. వెండి రంగే ఉన్నా ఆకులు కొమ్మ మీద ఒకటి విడిచి ఒకటి వస్తే అది రష్యన్ ఆలివ్, ఆలివ్ కాదు.